వేణ్ణీళ్ళు అందరివీ, గీజరు ఎవరిది?

దసరా వస్తోందంటే మా అపార్టుమెంటు కింద పార్కింగులో సందడి మొదలవుతుంది. ఆయుధపూజ రోజు పొద్దున్నే మగవాళ్ళందరూ లుంగీలు ఎగ్గట్టి కార్లూ, బైకులూ కడిగేస్తారు. టైర్ల సందుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్షు పెట్టి తోమే ఓపిక ఆ ఒక్కరోజు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలీదు. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. బాగుంటుంది, కాదనను. ఇంట్లో మిక్సీకీ, గ్రైండరుకీ, కుట్టుమిషనుకీ నేను బొట్లు పెడతాను. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరింట్లో కూడా బాత్రూము గోడకి వేలాడే గీజరుకి ఎవరైనా బొట్టు పెట్టగా చూడలేదు. బొట్టు సంగతి దేవుడెరుగు, దాని మీద దుమ్ము తుడిచినవాళ్ళనే చూడలేదు.

నవ్వుకోడానికి చెప్పడం లేదు. ఇంట్లో జాగ్రత్తగా ఉండాల్సిన వస్తువు ఏదీ అంటే అందరం గ్యాసు పొయ్యే అంటాం. దాన్ని మనం రోజుకి నాలుగుసార్లు చూస్తాం, తుడుస్తాం, ఏమాత్రం వాసన వచ్చినా ముక్కు పసిగడుతుంది. గీజరు అలా కాదు. కరెంటూ, నీళ్ళూ, వేడీ, ఒత్తిడీ నాలుగూ కలిపి ఒక డబ్బాలో మూసిపెట్టి, సరిగ్గా మనం ఒంటిమీద నూలుపోగు లేకుండా, తడికాళ్ళతో, తలుపు గడియ పెట్టుకుని నిలబడే చోట నెత్తిమీద తగిలిస్తాం. ఆ తర్వాత పదేళ్ళు దాని మొహం చూడం. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. స్నానానికి నీళ్ళు కాచే వస్తువు ఏదైనా సరే, ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాల్సిందే. ఆ పని గుర్తుపెట్టుకునే భారం ఇల్లాలి ఒక్కదాని నెత్తిన ఉండటానికి వీల్లేదు.

మా అమ్మమ్మగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. దొడ్లో బావి పక్కన నీళ్ళపొయ్యి ఉండేది. మట్టితో కట్టిన పొయ్యి, దాని మీద పెద్ద రాగి కాగు. బి.ఏ.లో తెలుగు చదువుతున్నప్పుడు 'కాగు' అనే మాట క్రియా అవుతుంది, నామవాచకమూ అవుతుంది అని మా లెక్చరరుగారు చెబితే, క్లాసులో నాకు ఆ పొయ్యే కళ్ళముందు కనబడింది. కొబ్బరి డొక్కలు, తాటాకులు, కందికంప, వంటకి పనికిరాని పుల్లాపుడకా అంతా దాని నోట్లోకే. చాకిరీ కూడా తక్కువేం కాదు. తెల్లారగట్ట మొదటి పని బూడిద తియ్యడం. బూడిద నిండిపోతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే మంట రాదు, పొగే వస్తుంది. తీసిన బూడిద జల్లించి కొంత గిన్నెలు తోమడానికి డబ్బాలో పోసేవారు, మిగిలింది దొండపాదుకీ బీరపాదుకీ. పండగలకి ముందు కాగు దింపి అడుగున మసి గీకేవాళ్ళు. మళ్ళీ ఎక్కించేముందు అమ్మమ్మ అడుగంతా పల్చగా మట్టి పూసేది. మసి ఆ మట్టికి పట్టుకుంటుంది. తర్వాత నీళ్ళు కొడితే మట్టితోపాటు తనే ఊడివస్తుంది. పైన చింతపండూ, ఉప్పూ వేసి తోమితే సాయంత్రం ఎండకి కాగు ధగధగా మెరిసేది.

మా నాన్నగారి ఉద్యోగం గుంటూరులో. అక్కడ అద్దె ఇంట్లో నీళ్ళపొయ్యి కుదరక రాగి బాయిలరు కొన్నారు. మీలో నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నిలువుగా డ్రమ్ములా ఉండి, మధ్యలో అడుగునుంచి పైదాకా ఒక గొట్టం. ఆ గొట్టంలో బొగ్గులు. కింద బూడిద రాలే జల్లెడ. నిప్పు మధ్యలో, నీళ్ళు చుట్టూ, పక్కన కుళాయి. ఆదివారం పొద్దున బాయిలరు శుభ్రం చెయ్యడం నాన్నగారి పని. కర్ర చివర గోనెపట్టా చుట్టి గొట్టంలో పైనుంచి కిందికి తోస్తుంటే మసి పెచ్చులు పెచ్చులుగా రాలేది. "మసి దుప్పటి లాంటిదే, వేడిని నీళ్ళదాకా పోనివ్వదు" అనేవారు. ఒక్కసారి శుభ్రం చేస్తే సగం బొగ్గులతోనే నీళ్ళు కాగుతాయని ఆయన లెక్క. కలాయి వేసేవాడు వీధిలోకి వస్తే ఇత్తడి గిన్నెలతోపాటు దాన్నీ చూపించేవారు. తిత్తి ఊదుతూ, నవాసాగరం చల్లి, తగరం రుద్ది తళతళలాడించే ఆ పనిని మేము పిల్లలం చుట్టూ మూగి చూసేవాళ్ళం.

ఇవన్నీ మళ్ళీ రావాలని చెప్పడం లేదు. ఆ పొగ కళ్ళల్లోకి వెళ్ళిన వాళ్ళెవరూ ఆ మాట అనరు. అమ్మమ్మ చివరి పదేళ్ళూ దగ్గుతూనే ఉండేది. నేను చెప్పేది వేరు. అప్పుడు మురికి కనబడేది. ఆదివారం పూట మసి చేతులతో నాన్న దొడ్లో కూర్చుంటే ఇంట్లో అందరికీ, పక్కింటివాళ్ళకి కూడా తెలిసేది, వేణ్ణీళ్ళ వెనక ఒక పని ఉందని. గీజరు వచ్చాక పని తప్పిపోయిందనుకున్నాం. తప్పిపోలేదు, కనబడకుండా పోయింది. కనబడని పని ఎవరి ఖాతాలో పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

హైదరాబాదులో మాది బోరు నీళ్ళ కాలనీ. మంచినీళ్ళ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. అవి వంటకీ, తాగడానికీ సరిపోతాయి. స్నానాలకి బోరే గతి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, కుళాయి మూతుల దగ్గర తెల్లటి పెచ్చు, బకెట్ల అంచున చార, జుట్టు కొబ్బరిపీచు. పదో తరగతిలో కఠిన జలం, మృదు జలం అని చదువుకున్నామే, అదే ఇది. తాగేనీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదు అని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఆ రెండో గీత కూడా దాటింది. ఇలాంటి నీళ్ళు చల్లగా ఉన్నంతసేపూ మంచిగానే ఉంటాయి. కాగాయంటే మాత్రం వాటిలో కరిగి ఉన్న కాల్షియం విడివడి సుద్దలా పేరుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూస్తుంటాం కదా, గీజరు లోపల కాయిలు మీద కూడా అదే. గిన్నెని మనం రోజూ తోముతాం. కాయిలుని ఎవరు తోమాలి?

నాన్నగారు మసి గురించి అన్న మాటే సున్నానికీ వర్తిస్తుంది. కాయిలు చుట్టూ సున్నం కట్టుకుంటే వేడి నీళ్ళకి అందదు. గీజరు ఎక్కువసేపు ఆన్‌లో ఉంటుంది, బిల్లు పెరుగుతుంది. అక్కడితో ఆగితే బాధలేదు. వేడి బయటికి పోయే దారిలేక కాయిలు తనలో తనే కాలి, పైనున్న లోహపు తొడుగు పగులుతుంది. పగిలిందంటే కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. అప్పుడు మనల్ని కాపాడాల్సింది ఎర్తింగు, మీటరు దగ్గరుండే ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పినా చప్పున కట్ చెయ్యాల్సిన బుడ్డి పెట్టె అది. దాని మీద 'టి' అని రాసి ఉన్న చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి అది నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే ఆ పెట్టె ఉన్నా లేనట్టే. ఇంతవరకూ మీ ఇంట్లో ఎవరూ నొక్కి ఉండకపోతే ఈ వ్యాసం ఇక్కడ ఆపి వెళ్ళి నొక్కి రండి. సీరియల్ చూస్తున్నవాళ్ళకి చెప్పి మరీ నొక్కండి.

మేము ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చినప్పుడు పాత ఓనర్లు గీజరు ఇక్కడే వదిలేసి వెళ్ళారు. 25 లీటర్లది. ఆన్ చేస్తే లోపల్నించి పేలాలు వేయిస్తున్నట్టు చిటపటలు. సున్నం పట్టిన గీజరు చేసే చప్పుడే అది. కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చిన అబ్బాయి కనీసం మూత కూడా విప్పకుండా "కొత్తది తీసుకోండి మేడం, ఆఫర్ ఉంది" అన్నాడు. విప్పి చూడకుండా కొత్తదెందుకయ్యా అంటే మొహం మాడ్చుకున్నాడు. తర్వాత మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. పెద్దాయన. ముందు మెయిన్ దగ్గర ఎంసీబీ ఆఫ్ చేశాడు, స్విచ్చి ఒక్కటీ ఆపితే చాలదట. గీజరులో నీళ్ళు పూర్తిగా చల్లారేదాకా ఆగాడు. చన్నీళ్ళు వచ్చే వాల్వు కట్టేసి, లోపలి నీళ్ళు వదిలేసి, అప్పుడు కింద ఉన్న బోల్టులు విప్పాడు. కాయిలు ఊడదియ్యగానే దానితోపాటు జలజలా రాలాయి చూడండి తెల్లటి పెచ్చులు, అరబకెట్టు. పెంకుటింటి గోడ సున్నం గీకినప్పుడు కూడా అంత రాలదు.

కాయిలుని నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో గంటసేపు నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే సున్నం పొంగుతూ కరిగిపోయింది. నిమ్మఉప్పు అంటే కిరాణా కొట్లో పొట్లం దొరుకుతుంది, పులిహోరలో కొందరు చాటుగా వేస్తారే, అదే. కొంతమంది మెకానిక్కులు మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోసేస్తారు, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి. ఒప్పుకోకండి. అది సున్నంతోపాటు కాయిలునీ, లోపలి పూతనీ తినేస్తుంది. ఆ ఘాటు పీలిస్తే మనకీ మంచిది కాదు. మళ్ళీ బిగించేటప్పుడు రబ్బరు వాషరు కొత్తది వెయ్యాలి. బిగించాక వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, నీళ్ళు ధారగా వచ్చాకే, అంటే ట్యాంకు నిండాకే, కరెంటు వెయ్యాలి. ఖాళీ ట్యాంకులో కాయిలు వెలిగితే అంతటితో సరి.

ఆయన కాయిలు పక్కనుంచి ఇంకో కడ్డీ తీసి చూపించాడు. చెరుకు నమిలి పారేసినట్టు గుంటలుపడి, సన్నగా అరిగిపోయి ఉంది. మెగ్నీషియం కడ్డీ అట. ఇనప ట్యాంకుకి పట్టాల్సిన తుప్పుని తను పట్టించుకుని తను కరిగిపోవడమే దాని పని. అది పూర్తిగా అయిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది, కొన్నాళ్ళకి ట్యాంకు కారుతుంది. ఈ సంగతి మా చెల్లెలికి ఫోన్లో చెబితే "అచ్చం మన గురించి చెప్పినట్టుందక్కా" అంది. నాకు ఆ పోలిక నచ్చలేదు. కడ్డీ అరిగిపోతే కొత్త కడ్డీ వేస్తారు, మరి మనల్ని? ఇంట్లో కరిగిపోవడం గొప్పని మనమే పాటలు కట్టుకుంటే అవతలివాళ్ళకి హాయిగా ఉంటుంది. నేను కొత్త కడ్డీ వేయించాను. బోరు నీళ్ళయితే ఏడాదికోసారి అది ఎంత మిగిలిందో చూసుకోవాలి.

ఇంకొక్క సంగతి మరిచిపోకుండా చెప్పాలి. గీజరుకి చన్నీళ్ళు వచ్చే వైపు చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. నీళ్ళు కాగుతున్నప్పుడు దాన్నుంచి చుక్కాచుక్కా కారుతుంది. కాగిన నీళ్ళు ఉబ్బుతాయి కాబట్టి, ఒత్తిడి ఎక్కువైతే బయటికి వదలడానికి పెట్టిన దారి అది. "కారుతోంది, బాత్రూమంతా తడి" అని మనం గొణుగుతాం. వచ్చిన ప్లంబరు మన మాట విని ఆ మూతికి బిరడా బిగించేసి వెళ్తాడు. ఇంతకన్నా ప్రమాదమైన రిపేరు ఇంకోటి లేదు. ప్రెషరు కుక్కరు మీద సేఫ్టీ వాల్వుని రేకు పెట్టి మూసేసినట్టే. కుక్కరు సంగతి మనకి తెలుసు కాబట్టి చచ్చినా ఆ పని చెయ్యం. చుక్కలు కారితే కింద ఒక డబ్బా పెట్టుకుందాం. ఆపకుండా ధారే కడుతుంటే వాల్వు మార్పించుకుందాం.

ఇంతకీ మావారి మాటేమిటంటే, "పనిచేస్తోందిగా, ఎందుకు కెలుకుతావ్?" ఆయన ఒక్కరే కాదు, ఈ దేశంలో సగం ఇళ్ళు నడిచేది ఆ ఒక్క వాక్యం మీదే. పనిచేస్తోందిగా. కారుకి మాత్రం ఆ సూత్రం వర్తించదు. నడుస్తున్న కారుని అయిదువేల కిలోమీటర్లకోసారి సర్వీసింగుకి ఇస్తారు, తేదీ ఫోన్లో రిమైండర్ పెట్టుకుంటారు, నీళ్ళతో కడిగితే సరిపోదని పాలిష్ కూడా పెట్టిస్తారు. గీజరు సర్వీసింగుకి ఆరేడు వందలు అంటే మాత్రం "అంతా?" లెక్క నేనే వేసి చూపించాను. 25 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి కాగాలంటే సుమారు ఒక యూనిట్ కరెంటు. రెండు కిలోవాట్ల గీజరుకి అరగంట పని. మా పాత గీజరు ముప్పావుగంట అయినా ఆరేది కాదు. శుభ్రం చేశాక అరగంటకే లైటు ఆరిపోయింది. ఆరిపోయిన లైటుని మావారు మూడురోజులు వరసగా వాచీ పెట్టి చూశారు. నాలుగో రోజు నుంచి పక్కింటి ఆయనకి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు, తానే కనిపెట్టినట్టు. పోనీలెండి.

పైగా గీజరు మీద ఉండే మరని చివరిదాకా తిప్పేసి ఉంచడం మనకో అలవాటు. మరిగే నీళ్ళు తెప్పించుకుని, మళ్ళీ అందులో బకెట్టు చన్నీళ్ళు కలుపుకుంటాం. 60 డిగ్రీలు దాటితే సున్నం ఇంకా తొందరగా పేరుకుంటుంది, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇంట్లో చెయ్యి కాలే భయమూ ఉంది. మనకో సామెత ఉంది, వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడని. భార్య ఏదో చిన్నాచితకా సంపాదిస్తుంటే వాడతారు. ఆ సామెత వింటే నాకెప్పుడూ ఒక సందేహం. వేణ్ణీళ్ళంటే మగవాడి జీతమట, చన్నీళ్ళంటే ఆడదాని సంపాదనట. మరి ఆ నీళ్ళు కాచిందెవరు? ఆ సంగతి సామెతలో లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇదంతా రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

మా ఆడపడుచు వాళ్ళుండేది అద్దె ఇల్లు. ఓనరు బాత్రూములోనే గ్యాసు గీజరు పెట్టించి ఇచ్చారు. కరెంటుకన్నా చవక, మీట తిప్పగానే వేణ్ణీళ్ళు, అందరూ మెచ్చుకున్నారు. మొన్న జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారం, వాళ్ళమ్మాయి తలంటుకోవడానికి వెళ్ళింది. ఇంటరు చదువుతోంది. చలిగా ఉందని కిటికీ రెక్కలు మూసేసుకుంది. పావుగంట అయింది, ఇరవై నిమిషాలైంది, లోపల నీళ్ళ చప్పుడు ఆగలేదు. తలంటు కదా అనుకున్నారు. వంటింట్లో ఉన్న మా ఆడపడుచుకి ఎందుకో అనుమానం వచ్చి పిలిస్తే పలుకు లేదు. తలుపు విరగ్గొట్టి చూస్తే పిల్ల కింద పడి ఉంది. బయటికి తీసుకొచ్చి గాలిలో పడుకోబెట్టాక కొద్దికొద్దిగా కదిలింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి రెండు రోజులు ఉంచారు. దేవుడి దయ, తల్లి అనుమానం, ఆ రెండూ బతికించాయి.

గ్యాసు లీకైందా అంటే, లేదు. లీకయితే వాసన వచ్చేది. సిలిండరులో గ్యాసుకి ఆ వాసన కలిపేదే మనం పసిగట్టడానికి. ఇక్కడ గ్యాసు మండింది, కానీ సరిగ్గా మండలేదు. మూసేసిన చిన్న గదిలో మంట గాలినంతా తాగేస్తుంది. గాలి చాలనప్పుడు మండితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగులేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన రక్తం ఆక్సిజన్‌ని పట్టుకునేదానికన్నా రెండువందల రెట్లు గట్టిగా దాన్ని పట్టుకుంటుందట. కాస్త తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, అంతలోనే కాళ్ళు పట్టుతప్పుతాయి. అరుద్దామన్నా గొంతు రాదు. గీజరు బర్నరుకి దుమ్ము పట్టినా, పైనున్న రాగి రేకుల మధ్య మసి నిండినా ఇదే జరుగుతుంది. మంట నీలంగా ఉండాలి. పసుపుగా, నాలుకలు చాస్తూ వస్తోందంటే సరిగా మండడం లేదని అర్థం. అమ్మమ్మ బూడిద తీసేటప్పుడు చెప్పింది ఇదే కదా, గాలి ఆడకపోతే మంట రాదు, పొగే వస్తుందని. అప్పటి పొగ కనబడేది, అంతే.

నన్ను ఇంకా మండిస్తున్నది ఆ తర్వాత జరిగిన మాటలు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. ఖాళీ కడుపుతో తలంటుకుంది. ఈ కాలం ఆడపిల్లలకి రక్తం ఉండదు, డైటింగులు. కిటికీ ఎందుకు మూసుకోవాలి? తల్లి చూసుకోవద్దూ! ఆఖరి మాట అన్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. బాత్రూములో గ్యాసు గీజరు పెట్టిన ఓనరుని ఎవరూ ఒక్కమాట అనలేదు. నాలుగేళ్ళుగా అదే బాత్రూములో స్నానం చేస్తూ ఒక్కసారి దాని మూత తీయించని ఆ ఇంటి మగవాళ్ళనీ ఎవరూ అనలేదు. వంటింట్లో ఉన్న తల్లి మాత్రం గోడ అవతల మంట ఏ రంగులో ఉందో చూసుకోవాల్సింది! ఆడపిల్లని గుండెల మీద కుంపటి అంటారు మనవాళ్ళు. అసలు కుంపటి ఎక్కడ పెట్టామో చూసుకోకుండా పిల్లని కుంపటి అనడం ఏమిటి?

కుంపటి అంటే గుర్తొచ్చింది. బాలింత గదిలో తలుపులూ కిటికీలూ బిగించి, లోపల నిప్పుల కుంపటి పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. సాంబ్రాణి వేసి బయటికి తెచ్చేస్తే వేరు. రాత్రంతా వెచ్చగా ఉంటుందని గదిలోనే ఉంచితే అదే విషవాయువు. బొగ్గులు పొగ రాకుండా ఎర్రగా ఉన్నాయి కదా అని ధైర్యపడకూడదు, కనబడే పొగ లేనంత మాత్రాన ఆ వాయువు లేదని కాదు. పెద్దవాళ్ళతో దీని మీద వాదన పెట్టుకుంటే మర్యాద పోతుందని ఊరుకుంటాం. పసిబిడ్డ ఉన్న గదిలో మర్యాద చూసుకోవద్దని నేనంటాను. కుంపటి ఎత్తుకుని బయటపెట్టి, వచ్చి మాటలు పడదాం.

గ్యాసు గీజరు వద్దని నేను అనడం లేదు. కరెంటు వచ్చీపోయే ఊళ్ళలో అదే ఆధారం. గోడకి బయట, గాలి ఆడే బాల్కనీలోనో, వెనక వరండాలోనో ఉండాలి. నీళ్ళ పైపు ఒక్కటే బాత్రూములోకి రావాలి, మంట రాకూడదు. ఎగ్జాస్టు ఫ్యాను ఉందిగా అంటారు. ఫ్యాను వెయ్యడం మరిచిపోయే రోజు ఒకటి వస్తుంది, కరెంటు పోయే రోజూ ఒకటి వస్తుంది. గ్యాసు ట్యూబు మీద గడువు రాసి ఉంటుంది, నారింజ రంగు సురక్ష ట్యూబయినా అయిదేళ్ళకోసారి మార్చాల్సిందే. లీకని అనుమానమొస్తే 1906కి ఫోన్ చెయ్యాలి. ఈ నంబరు ఇంట్లో పిల్లలకి కూడా నోటికి రావాలి. ఇక హాస్టలు పిల్లలు బకెట్లో పడేసుకునే రాడ్డు గురించి నేను ఎక్కువ రాయను. దాన్ని ఆపి, ప్లగ్గు పీకకుండా నీళ్ళలో వేలు పెట్టి చూసే పిల్లలు ఎంతమందో! మా అమ్మాయికి నేను కొనివ్వలేదు, కొనుక్కోనివ్వనూ లేదు.

ఇంట్లో ఈ పని ఎవరిదీ అనేదానికి మేము చేసుకున్న ఏర్పాటు చెబుతాను, నచ్చితే మీరూ చేసుకోండి. ఆయుధపూజకి ముందు ఆదివారం గీజరు రోజు. కార్తీకమాసం తెల్లవారుజాము స్నానాలకి ముందే పని అయిపోవాలి. మెకానిక్కుని పిలవడం, దగ్గరుండి చూడడం మావారి పని. బర్నర్లు నానబెట్టడం, గ్యాసు పొయ్యి కన్నాలు సూదితో పొడవడం మా అబ్బాయి పని. ఏ వస్తువు ఎప్పుడు విప్పామో, ఏం మార్చామో రాసే కాగితం గీజరు స్విచ్చి పక్కన అతికించాం. నేను గుర్తుచెయ్యను. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైన భాగం. నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. కిందటేడు ఒక వారం ఆలస్యమైంది, కానీ ఆయనకే గుర్తొచ్చింది.

మా అమ్మాయికి ఈ జూన్‌లో బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ముగ్గురు పిల్లలు కలిసి ఒక ఫ్లాటు చూసుకున్నారు. చూడ్డానికి మేమిద్దరం వెళ్ళాం. వంటగది బాగుంది, మెట్రో దగ్గర, వాచ్‌మన్ ఉన్నాడు. మావారు అడ్వాన్సు ఇవ్వబోతుంటే అమ్మాయే బాత్రూము తలుపు తీసి లోపలికి చూసి, "అంకుల్, ఈ గ్యాసు గీజరు బాల్కనీలో పెట్టిస్తేనే వస్తాం" అంది. ఓనరుగారు "ఇన్నేళ్ళలో ఎంతోమంది ఉన్నారమ్మా, ఎవరూ అడగలేదు" అన్నారు. "అయితే మేము అడిగామనుకోండి" అంది. పది రోజుల్లో మార్పించారు. ఖర్చులో సగం మా దగ్గరే తీసుకున్నారు, అది వేరే సంగతి.